పీరాంబీ ఒక్కపొద్దులు

దస్తగిరి విసిరిన కంచం గోడకు తగిలి గడప దాకా దొర్లింది. రాగిముద్ద దూది మూట పక్కన పడింది.

"ఎవరి మీదే నీ అలక? నామీదనా, మాయమ్మ మీదనా? పగలు మెతుకు ముట్టవు, అడిగితే నోరు తెరవవు! ఈ సందులో వాళ్ళంతా నవ్వుతా ఉండారు!"

పీరాంబీ వంగి ముద్దను ఎత్తింది. చెబుదామని నోరు తెరిచింది... మళ్ళీ మూసుకుంది. రంజానులో ఆడవాళ్ళకు తప్పిపోయిన ఒక్కపొద్దులను తర్వాత తీర్చుకోవాలి. ఎందుకు తప్పిపోయాయో మగవాడితో చెప్పే ఆచారం లేదు. గుట్టుగా తీర్చుకోవాలి. ఆ గుట్టే ఇప్పుడు అలక అయి కూర్చుంది!

దస్తగిరి భుజాన కండువా వేసుకుని బయటికి పోయాడు. పక్కింటి చౌడమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"మొగుడి మీద కోపమైతే మొగుణ్ణి తిట్టమ్మా. కడుపు మాడ్చుకుంటే వాడికేం నొప్పి?" అంది. పీరాంబీ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

హోసూరులో దూది ఏకేవాళ్ళ సందు అది. 1959వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. అంతకు ముందు రంజానుకు నెలవంక కనపడిన మరునాడే పీరాంబీకి కొడుకు పుట్టాడు. మస్తాను అని పేరు పెట్టారు. పండగ రాకముందే వాడు పోయాడు. దస్తగిరి చేతుల మీద వాణ్ణి మోసుకుపోయాడు. తిరిగివచ్చి ఉయ్యాల తాడు విప్పి, అటక మీద వేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఎవరైనా బిడ్డ మాట ఎత్తబోతే దస్తగిరి లేచి వెళ్ళిపోయేవాడు. బాలింత కనుక పీరాంబీ ఆ నెలంతా ఒక్కపొద్దు ఉండలేదు. అవన్నీ మళ్ళీ రంజాను వచ్చేలోపు తీర్చుకోవాలి.

రంజానులో ఒక్కపొద్దు ఉండటం ఏమంత కష్టం! తెల్లవారకముందే ఫకీరు డప్పు కొట్టుకుంటూ సందంతా తిరుగుతాడు. ప్రతి ఇంట్లో దీపం వెలుగుతుంది. సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. ఇప్పుడు డప్పు లేదు, దీపం లేదు. చలిలో తనంతట తను లేవాలి. ఒక్కతే సద్దిముద్ద మింగి, నీళ్ళు తాగి, ఈ రోజు ఒక్కపొద్దు ఉంటానని నియ్యత్ చెప్పుకోవాలి. మెలకువ రాని రోజు ఖాళీ కడుపుతోనే మొదలుపెట్టేది. ఆ తర్వాత నీళ్ళు మోయాలి, దూదిలో గింజలు ఏరాలి, బొంతలు కుట్టాలి. ఒకనాడు మధ్యాహ్నం దూది నలక గొంతులో పడి, దగ్గు ఆగక, చెంబెడు నీళ్ళు తాగేసింది. ఆ చెంబు పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో! మానేస్తే ఎవరు చూడొచ్చారు? ఎవరడుగుతారు?... అనుకునేది. కానీ అవి మస్తాను బతికిన నాళ్ళవి. వాటినీ వదిలేస్తే ఆ బిడ్డ ఈ ఇంటికి వచ్చినట్టు ఇంకేం మిగులుతుంది? మరునాడు మళ్ళీ లేచేది.

పొద్దున కంచం విసిరి పోయిన దస్తగిరి మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం ఉంది. విప్పి ఆమె ముందు పెట్టాడు. మైసూరుపాకు.

"పొద్దున కోపంలో విసిరినాను. మనసులో పెట్టుకోవద్దు. తిను" అన్నాడు.

"పొద్దు గూకినాక తింటాను."

"నా ఎదురుగానే తిను."

"ఆమీద తింటానని చెప్తున్నా కదా..."

"అంటే నా చేతిది ఏదీ తినవు! సరే. అంత పగ ఉంటే రేపు పొద్దున్నే కృష్ణగిరి బస్సెక్కి మీ నాయన దగ్గరికి పో. అలక తీరినాక రా!"

పీరాంబీ పొట్లం వైపు చూసింది. కృష్ణగిరి నుంచి మళ్ళీ పిలుస్తాడో లేదో... మైసూరుపాకు తీసింది. నోటి దాకా తెచ్చింది.

మూలన దూది ఏరుతున్న అత్త హుసేనమ్మ లేచివచ్చి ఆ చేయి పట్టుకుంది.

"తినొద్దు తల్లీ!" అని కొడుకు వైపు తిరిగింది. "దానికి ఒక్కపొద్దురా!"

"రంజాను రానేలేదు, షాబాన్ నెలలో ఒక్కపొద్దేందమ్మా?"

"మన మస్తాను పుట్టిన నెలవి. అప్పుడు బాలింతరాలు, ఉండలేదు. ఇప్పుడు తీర్చుకుంటా ఉంది. రోజూ సాయంత్రం చెంబు ముందర పెట్టుకుని మసీదు బాంగు పిలుపు కోసం కాచుకునేది చూస్తానే ఉండా. బిడ్డ పేరు ఎత్తితే నువ్వు లేచిపోతావని నోరు మూసుకున్నా. ఇప్పుడు పోతావా? పో!"

దస్తగిరి పోలేదు. ఉన్నచోటే కూలబడ్డాడు. పెదవులు కదిలాయి. "అవి మస్తానువా..." అన్నాడు. పీరాంబీ ఆ పేరు అతని నోట విని ఎన్నాళ్ళయిందో! ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అతను మైసూరుపాకును మళ్ళీ ఆకులో చుట్టి ఉట్టి మీద పెట్టాడు. దూదేకే విల్లు తీసుకుని సాయంత్రం దాకా పనిలో కూర్చున్నాడు. బాంగు వినపడగానే ఆ పొట్లం దించి ఆమె ముందు పెట్టి వాకిట్లోకి నడిచాడు.

మరునాడు తెల్లవారకముందు పీరాంబీకి మెలకువ రాలేదు. వసారాలో దూదేకే విల్లు తీగ మోగింది. ఆ వేళప్పుడు విల్లు ఎవరు కొడతారు? ఆమె లేచి కూర్చుంది. అప్పటికే పొయ్యి రాజుకుని ఉంది.

"ఎవర్రా అది? దొంగలకు దోవ చూపిస్తా ఉండావా?" అంది హుసేనమ్మ పడుకునే.

"తీగ బిగువు చూస్తున్నా. నువ్వు పండుకోమ్మా."

పీరాంబీ ఒక్కతే తింది. అతను ఇంట్లోకి రాలేదు. గడప అవతల వీపు మాత్రం కనపడుతోంది. ఆమె చివరి ముద్ద మింగుతుండగా తీగ మళ్ళీ ఒకసారి మోగింది. తినే వేళ అయిపోతోందని ఆమెకు అర్థమయింది. నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, నియ్యత్ చెప్పుకుంది.