సిలోను ప్రయాణం ఆపిందెవరు?

తోలుసంచీ పోయింది.

అందులో నగలు లేవు, నోట్లు లేవు. రెండు పాస్‌పోర్టులు, టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్లు, మద్రాసు నుంచి కొలంబో దాకా రైలుకూ స్టీమరుకూ కలిపి తీసిన టిక్కెట్లు ఉన్నాయి. ప్రయాణం ఆదివారం. సంచీ కనిపించడం లేదని తెలిసింది గురువారం పొద్దున.

1961 మార్చి నెల. అల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న మొగలిపాళెం. సంచీ పోయింది బియ్యం మిల్లు యజమాని పద్మనాభయ్య ఇంట్లో.

సబ్ ఇన్‌స్పెక్టర్ రంగనాయకులు ఆ ఇంటి మెట్లెక్కేసరికి పదకొండయింది. పొద్దున్నంతా ఆయన నెల్లూరులో వేరే పని మీద ఉన్నాడు. ఆయన లేని ఆ కాస్త సేపట్లోనే హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు కేసు తేల్చేశాడు. దర్జీ మహబూబ్ బాషాను చెయ్యి పట్టుకుని, బజారు మధ్యగా నడిపించుకుంటూ స్టేషనుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"దొంగ దొరికినాడు సార్. సరుకే దొరకలేదు," అన్నాడు ఓబులేసు.

"అయితే ఇంకా దొంగ దొరకలేదు," అన్నాడు రంగనాయకులు.

హాలులో పెద్ద బల్ల. దాని మీద సిలోను మ్యాపు పరచి ఉంది. కాండీ, నువరేలియా అన్న పేర్ల కింద ఎర్ర పెన్సిలు గీతలు. పద్మనాభయ్య ఆ గీతల మీద వేలు పెట్టి అంతా వివరించాడు. ధనుష్కోటి దాకా రైలు. అక్కడి నుంచి స్టీమరు. అవతలి ఒడ్డున మళ్ళీ రైలు. పది రోజుల్లో తిరిగి రావడం. ఈ నెలలో ఆ కొండల మీద చల్లగా ఉంటుందట. తేయాకు తోటల మధ్య పూలు విరగబూస్తాయట.

ఇప్పుడే ఎందుకు అని రంగనాయకులు అడిగాడు.

పద్మనాభయ్య మ్యాపు మీద నుంచి చూపు ఎత్తలేదు. పోయిన వేసవిలో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, ఆరేళ్ళవాడు, అమ్మవారు పోసి పోయాడు. అప్పటి నుంచి భార్య ఆదిశేషమ్మ సరిగా అన్నం తినడం లేదు. స్థలం మారిస్తే మనసు మారుతుందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. అందుకని ఈ ప్రయాణం.

"ఈ ఆదివారం పోకపోతే మళ్ళీ ఎప్పటికి పడుతుందో, ఎస్సైగారూ. మనిషి నాకు దక్కేటట్టు లేదు," అన్నాడాయన. గొంతు మాత్రం పెంచలేదు.

పోకముందు సంచీ ఉన్నది పక్క గదిలో, మేజా మీద. బుధవారం సాయంత్రం నాలుగింటికి మహబూబ్ బాషా వచ్చాడు. ప్రయాణానికి కుట్టే కోటులో పాస్‌పోర్టులు పట్టేలా లోపలి జేబు పెట్టాలి. అందుకని సంచీ తెరిచి, పాస్‌పోర్టు పొడవూ వెడల్పూ టేపుతో కొలుచుకున్నాడు. తరవాత వెళ్ళిపోయాడు. ఆ తరవాత సంచీని ఎవరూ చూడలేదు.

"చంకలో మూట పెట్టుకొని పోయినాడు. నా కళ్ళారా చూసినా," అన్నాడు గంగాధరం. పద్మనాభయ్యకు మేనల్లుడు. మిల్లు వ్యవహారాలు చూస్తాడు.

"మూటలో ఏముంది?"

"కోటు గుడ్డ."

"సంచీ కనిపించిందా?"

"మూటలో ఉండేది పైకెట్టా కనిపిస్తాది?"

"నువ్వు కూడా సిలోను పోవలసిన వాడివేనట కదా."

గంగాధరం ముఖం ముడుచుకుంది. మొదట ముగ్గురూ పోదామనుకున్న మాట నిజమే. మిల్లు ఎవరు చూస్తారని మామ తన పేరు తీసేశాడు. ఆ మాట మీద మిల్లు కూలీల ముందు గంగాధరం నోరు జారాడు. ఈ ప్రయాణం ఎట్టా సాగుతుందో చూస్తానన్నాడు. ఆ సంగతి ఓబులేసు అప్పటికే రాబట్టాడు.

"కడుపు మండి అన్న మాట సార్ అది. రాత్రి నేను ఊళ్ళోనే లేను. కోవూరులో సినిమాకు పోయినా."

"ఎవరితో?"

గంగాధరం జవాబివ్వడానికి కొంచెం ఆలస్యం చేశాడు. చివరకు మిల్లు డ్రైవరు పేరు చెప్పాడు. డ్రైవరును పిలిపించి అడిగితే ఆ మాట నిజమేనని తేలింది. మామకు చెప్పకుండా మిల్లు లారీ వేసుకుని పోయారు. గంగాధరం నీళ్ళు నమిలింది అందుకు.

ఆదిశేషమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడింది. ముప్పై ఏళ్ళుంటాయి. మనిషి నీడలా ఉంది. సంచీ చివరిసారి ఎప్పుడు చూశారని రంగనాయకులు అడిగితే గుర్తులేదంది. గదిలోకి ఎవరెవరు వస్తారంటే అందరూ వస్తారంది.

తరవాత తనంతట తానే ఒక మాట అంది.

"పోతే పోయినాయి. బాషాను వదిలిపెట్టమనండి."

"ఆయన తియ్యలేదని మీకెలా తెలుసమ్మా?"

"తియ్యడు."

"మరి ఎవరు తీసి ఉంటారు?"

ఆమె లోపలికి పోయింది. రంగనాయకులు ఆ ఖాళీ గుమ్మం వైపు కాసేపు చూస్తూ నిలబడ్డాడు. మాట తడబడలేదు. కానీ ఒకరిని వదలమన్న మనిషి ఇంకొకరిని పట్టుకోమని అనలేదు. సొమ్ము పోయిన ఇంట్లో అలాంటి మాట ఆయన ఎన్నడూ వినలేదు.

ఇంట్లో మసిలే మనిషి ఇంకొకరుంది. అంట్లు తోమే మస్తానమ్మ. పోలీసులు పనివాళ్ళ ఇళ్ళు వెతకబోతున్నారని విని మధ్యాహ్నానికే ఇంటికి వెళ్ళిపోయింది. రంగనాయకులు ఓబులేసును వెంటబెట్టుకుని ఆమె ఇంటికి నడిచాడు.

ఊరి చివర, ఇసుకలో తాటాకు గుడిసె. దగ్గరికి పోయేసరికి ఓబులేసు కాళ్ళు ఆగిపోయాయి.

గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పచ్చివి.

మస్తానమ్మ వాకిట్లోకి వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "లోపలికి రావద్దు సామీ. కోడలికి అమ్మ పోసింది."

ఓబులేసు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రంగనాయకులు కూడా ఒకడుగు వెనక్కి వేశాడు. అమ్మవారు ఉన్న ఇంట్లోకి పోలీసే కాదు, కన్నకొడుకైనా బయటి నుంచి వచ్చిన కాళ్ళతో అడుగుపెట్టడు. సంచీ సంగతి వాకిట్లోనే అడిగాడు. తెలవదంది. లోపలి నుంచి ఘాటు వచ్చి గొంతులో పడితే ఇద్దరూ దగ్గారు. కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగారు.

స్టేషన్లో మహబూబ్ బాషా కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"సంచీ ఏం చేశావు?"

"కొలిచినా, మేజా మీద పెట్టినా, వచ్చేసినా."

"ఆ ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"నా మీద అనుమానం ఎట్టుంటాదో పొద్దున్నుంచి చూస్తా ఉండాను. ఇంకొకరి మీద నేను పెట్టను సార్."

బాషాయే మళ్ళీ అందుకున్నాడు.

"దర్జీకి గుడ్డ ఇచ్చేది నమ్మకం మీద. కత్తిరిస్తే మిగిలిన పేలిక కూడా మడిచి ఇస్తాను. ఈ పొద్దు బజారంతా చూస్తుండగా నన్ను నడిపించినారు. మా అమ్మ అంగడి పలకలు వేసేసి లోపల కూర్చొని ఉంటాది. రేపు కోర్టు నన్ను వదిలిపెట్టినా, గుడ్డ ఇచ్చేవాడు ఎవుడు సార్?"

రేపు ఉదయం కోవూరు కోర్టుకు పంపాలంటే సాయంత్రానికి కేసు రాయాలి. రంగనాయకులుకు ఆ సంగతి తెలుసు. రాస్తే ఆ మనిషి బతుకు అక్కడితో సరి.

రెండున్నరకు క్యారియరు వచ్చింది. రంగనాయకులు చారు గిన్నె మూత తీశాడు. ఆవాలూ కరివేపాకూ పైన తేలుతున్నాయి. వెల్లుల్లి వాసన గుప్పుమంది.

ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

"ఓబులేసూ, మీ ఇంట్లో ఎప్పుడైనా అమ్మవారు పోసిందా?"

"చిన్నప్పుడు మా తమ్ముడికి పోసింది సార్."

"అన్నం ఎలా తిన్నారు?"

ఓబులేసు ఏదో చెప్పబోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు పద్మనాభయ్య హాలులో అందరూ చేరారు. గంగాధరం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మహబూబ్ బాషా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఓబులేసు పిలుచుకొచ్చిన మస్తానమ్మ ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ఆదిశేషమ్మ వంటింటి తలుపు చాటున ఉంది.

"మధ్యాహ్నం నేనూ హెడ్ కానిస్టేబులూ మస్తానమ్మ ఇంటికి పోయాం," అని రంగనాయకులు మొదలుపెట్టాడు. "వేపమండలు చూశాం. వెనక్కి తగ్గాం. అదే మేం చేసిన పొరపాటు. కళ్ళు వేపమండల దగ్గరే ఆగిపోయాయి. ముక్కు చెప్పింది మేం వినలేదు."

"ముక్కా?" అన్నాడు గంగాధరం.

"గుడిసెలో నుంచి ఘాటు వచ్చింది. ఇద్దరం దగ్గాం. అది చేపల పులుసు తాలింపు. ఎండుమిరపకాయా వెల్లుల్లీ నూనెలో మాడిన వాసన."

అక్కడున్న వాళ్ళలో వివరించి చెప్పవలసిన వాళ్ళు ఎవరూ లేరు. అమ్మవారు దిగిన ఇంట్లో పొయ్యి మీద నూనె చుయ్యిమనకూడదు. తాలింపు పెట్టరు. నీచు వండరు. చప్పిడి అన్నంతో తల్లి చల్లగా దిగిపోయేదాకా గడుపుతారు. దొంగ అయినా, దొర అయినా ఆ ఇంట్లో ఆ పని చెయ్యరు.

"కోడలు అప్పటికే పులుసు పొయ్యి మీద పెట్టింది. పోలీసులు వస్తున్నారని తెలిసి నువ్వు పరుగున పోయి మండలు కట్టావు. గుమ్మం ఒక్కటే చూసుకున్నావు. పొయ్యి గుర్తు రాలేదు. అవునా మస్తానమ్మా?"

మస్తానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనింకా నీ ఇంట్లో అడుగుపెట్టలేదు. నువ్వే పోయి తెచ్చిస్తావా?"

"తెస్తాను సామీ."

"ఎవరిచ్చారు నీకు?"

ఆమె తల వంచుకుంది. పద్మనాభయ్య కుర్చీలోంచి లేచాడు. ఉప్పు తిన్న ఇంటికే కన్నం వేశావా అని అడిగాడు.

వంటింటి తలుపు కదిలింది. ఆదిశేషమ్మ హాలులోకి వచ్చింది. ఎవరినీ చూడకుండా మస్తానమ్మ ముందు నిలబడింది.

"వేపమండలు కట్టినావా?"

"వాళ్ళు వస్తా ఉంటే నాకేం తోచలేదమ్మా."

"దాచిపెట్టమన్నాను. మండలు కట్టమని నేను చెప్పలేదే. అమ్మ పేరు ఎట్టా వాడుకున్నావు మే? ఈ ఇంట్లో ఏమైందో నీకు తెలీదా? ఈ చేతులతో కట్టినాను నేను, ఈ గుమ్మానికి."

గంగాధరం గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. పద్మనాభయ్య అలాగే నిలబడి ఉన్నాడు. రంగనాయకులు అడగవలసింది అయిపోయింది.

పద్మనాభయ్య భార్య వైపు తిరిగాడు. "రానని నాతో ఒక మాట చెబితే పోయేది కదా."

"చెప్పినాను. మీరు మ్యాపు చూసుకుంటా ఉన్నారు."

ఆమె కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సంచీ పోతే ప్రయాణం ఆగిపోతుందనుకుంది. పోలీసులు వస్తారనుకోలేదు. తీరా బాషాను పట్టుకుపోయారు. నిజం చెబితే బెంచీ మీద బాషాకు బదులు మస్తానమ్మ కూర్చుంటుంది. చెప్పకపోతే బాషా లేవడు.

"పది రోజులు పోయొస్తే ఏమయ్యేది ఆదీ?" అన్నాడు పద్మనాభయ్య. "నీ కోసమే కదా."

"గాలి తిరిగింది," అంది ఆమె. "దక్షిణం గాలి. ఇసుక ఎగిరిపోతా ఉండాది. సాయంత్రం పోసిన ఇసుక తెల్లారేసరికి ఉండదు. నేను తాటాకులు అడ్డం పెట్టి, నీళ్ళు చల్లి, మళ్ళీ పోస్తా ఉండాను. పది రోజులు నేను పోతే పిల్లోడి మీద ఎవురు కప్పుతారు?"

అమ్మవారు పోసి పోయిన పిల్లల్ని ఆ ఊళ్ళో దహనం చెయ్యరు. సముద్రం వైపు ఇసుక దిబ్బలో పూడ్చిపెడతారు.

ఓబులేసు హాలులోంచి బయటకు వెళ్ళి వాకిట్లో నిలబడ్డాడు.

ఇంటి మనిషి ఇంటి వస్తువు దాచుకుంటే అది దొంగతనం కాదనీ, ఇందులో కేసు లేదనీ రంగనాయకులు చెప్పాడు. మస్తానమ్మను సంచీ తెచ్చి ఇచ్చి పొమ్మన్నాడు. పద్మనాభయ్య తల ఊపాడు. గుమ్మం దగ్గరున్న మనిషి అప్పుడు గుర్తొచ్చాడు రంగనాయకులుకు.

"నువ్వు ఇంటికి పోవచ్చు బాషా."

మహబూబ్ బాషా కదలలేదు.

"ఎట్టా పోవాల? పట్టపగలు చెయ్యి పట్టుకొని తెచ్చినారు. ఇప్పుడు ఒక్కణ్ణే చీకట్లో పోతే, తప్పించుకొని వచ్చినాడంటారు."

గంగాధరం నేల చూశాడు.

"నేనొస్తాను," అంది ఆదిశేషమ్మ. "నీ అంగడి దాకా. మీ అమ్మకు నేనే చెబుతాను."

పైట సర్దుకుని మెట్లు దిగింది. పద్మనాభయ్య భార్య వీపు వైపు చూశాడు. తరవాత చెప్పులు వేసుకుని, దర్జీ దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్ళో పెద్దమనిషి దర్జీ చెయ్యి పట్టుకుని బజారులో నడవడం మొగలిపాళెం అంతకుముందు చూడలేదు. అంగళ్ళ ముందున్న వాళ్ళు లేచి నిలబడ్డారు. కిరసనాయిలు దీపాల వెలుగులో పద్మనాభయ్య ఒక్కొక్క అంగడి ముందూ ఆగి, తప్పు మా ఇంట్లోదేనని చెప్పుకుంటూ పోయాడు. రంగనాయకులు కాస్త దూరంగా, వెనక నడిచాడు.

దర్జీ అంగడి పలకలు మూసి ఉన్నాయి. ఆదిశేషమ్మ తట్టి, జమాల్‌బీ అని పిలిచింది. ముసలామె ఒక పలక తీసి, కొడుకును చూసి, అతని వెనక ఉన్న వాళ్ళను చూసింది. ఆదిశేషమ్మ లోపలికి పోయింది. ఏం చెప్పిందో బయటికి వినిపించలేదు. వచ్చేసరికి జమాల్‌బీ మిగిలిన పలకలన్నీ ఒక్కొక్కటే తీసి గోడకు ఆనిస్తోంది. బాషా మిషను ముందు కూర్చుని దీపం వత్తి పెంచాడు.

పద్మనాభయ్య ఇంటి వైపు తిరగలేదు. బజారు చివర సముద్రం వైపు పోయే బండిదారి దగ్గర నిలబడ్డాడు. గాలి ధోవతిని కొట్టేస్తోంది.

"ఎటు పోవాల?" అని భార్యను అడిగాడు. "ఆ పొద్దు తరవాత నేను మళ్ళీ పోలేదు. ఆనవాలు తెలీదు."

ఆదిశేషమ్మ ఆయన కంటే ఒకడుగు ముందు, ఇసుకలోకి నడిచింది.