పేరు లేని విస్తరి

మొదటిసారి చూసిన రోజే అతన్ని దించెయ్యమని చంద్రిక కండక్టర్‌కు చెప్పింది. వానలో రుద్రారం బస్సు. మహేంద్ర గొడుగులోంచి నీళ్ళన్నీ ఆమె ల్యాబ్ రికార్డు మీద పడ్డాయి.

"గొడుగు బయట పట్టాలె. బస్సుల కాదు."

"బస్సులోనూ కురుస్తోందండీ," అని అతను పైకప్పు చూపించాడు.

నిజంగానే కురుస్తోంది. నవ్వు ఆపుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరిగింది. అంతే, పని అయిపోయింది.

ఏడాది గడిచింది. మహేంద్రది గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డ కుటుంబం. మందుల కంపెనీలో కెమిస్ట్. మీ ఇంటికెప్పుడు తీసుకెళ్తావని రోజూ ప్రాణం తీసేవాడు. ఆమె ఏదో ఒక సాకు చెప్పేది. కులానికి భయపడి కాదు, నాన్నకు భయపడీ కాదు. పెరట్లో బావి ఉంది.

లక్డారంలో వాళ్ళ బావికి చంద్రిక పుట్టకముందే కాంక్రీటు మూత పోశారు. ఏటా భాద్రపద అమావాస్యకు, అంటే పెత్తరమాసకు, ఇంట్లో పోయిన పెద్దలను పేరుపేరునా పిలిచి విస్తళ్ళు వేస్తారు. నానమ్మ కౌసల్య ఒక విస్తరిని మాత్రం ఎవరి పేరూ పిలవకుండా ఆ మూత మీద పెట్టేది. అప్పుడు కింద నుంచి సైకిల్ గంట మోగేది. అది కౌసల్యకూ చంద్రికకూ తప్ప ఎవరికీ వినపడదు. ఎవరిదని అడిగితే ముసలామెది ఒకటే మాట.

"అడగకు బిడ్డా. ఇనవడ్డోళ్ళే పెట్టాలె. నా ఎనక నువ్వే."

ఈసారి పెత్తరమాస నాడే మహేంద్రకు వీక్లీ ఆఫ్ దొరికింది. చెప్పాపెట్టకుండా కాజాల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమావాస్య నాడు పెళ్ళిమాటకొచ్చిన మొగోణ్ణి నిన్నే చూసినా అని చంద్రిక తల పట్టుకుంది. ఆమె తండ్రి మల్లేష్ ముఖం మాడ్చుకుని టీవీ ముందు కూర్చున్నాడు. కౌసల్య మాత్రం పిలగాడు మంచిగున్నడని పెరట్లో పీట వేయించింది.

అతని కళ్ళు బావి మీది విస్తరి మీద పడ్డాయి.

"ఇదేంటి, కందబచ్చలి! ఆవ పెట్టి మరీ. మీ వైపు ఇది వండరుగా?"

అతను నవ్వుతూనే చెప్పుకుపోయాడు. అది వాళ్ళ తాతయ్యకు ప్రాణమట. ఒకరోజు సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళి మళ్ళీ రాలేదట. పరారీ అని రాసి కంపెనీ చేతులు దులుపుకుంది. కూలివాడు కనపడకపోతే పరారీ, ఓనరు కనపడకపోతే ఫారిన్ టూర్.

"మామ్మ ఇప్పటికీ తలుపు గడియ పెట్టనివ్వదు. బొట్టు తియ్యలేదు, తద్దినం పెట్టలేదు."

కౌసల్య చేతిలో గరిటె జారింది.

మూత కింద గంట మోగింది. చంద్రిక మహేంద్ర వైపు చూసింది. అతనికి వినపడలేదు. కాజా కొరుకుతున్నాడు. నోరు మూసుకుంటే ఇతను తనవాడు. నోరు విప్పితే పోతాడు.

గంట ఆగలేదు. ఆమె కౌసల్య రెట్ట పట్టుకుంది. "ఎవరు నానమ్మా గాయన?"

ముసలామె విస్తరి ముందు కూర్చుంది. "కంపెనీల చేసేటోడు. మనింట్ల నీళ్ళు తాగి పోతుండె. గా కూర ఎట్ల వండాల్నో ఆయనే చెప్పిండు. పేరు అడగకపోతి, అన్నా అంటుంటి. ట్యాంకరోళ్ళు కంపెనీ గలీజు మందునీళ్ళు మన బాయిల పోస్తుంటే అడ్డం నిలవడ్డడు. గా వాసనకు సొమ్మసిల్లి సైకిల్ తోటి బాయిల పడ్డడు. ట్యాంకరోళ్ళను రానిచ్చింది మీ తాతనే. భయపడి మూత పోయించిండు."

"అమ్మా, నోర్ముయ్," మల్లేష్ టీవీ ముందు నుంచి లేచొచ్చాడు. "ఇంటి ఇజ్జత్ పోతది."

"పోనియ్యి నాన్నా. ఆడ ఒక ముసలామె తలుపు తెరిచి కూసున్నది," అని చంద్రిక మహేంద్ర వైపు తిరిగింది. "నీ తాత ఈడనే ఉన్నడు. గంట నాకు చిన్నప్పటి సంది ఇనవడ్తది. నీకెన్నడూ చెప్పకపోతి."

అతను పీట మీంచి లేచాడు. గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

చంద్రిక మూత పక్కనే తడుస్తూ కూర్చుంది. ఇక రాడు అనుకుంది. పొద్దు వాలేవేళకు వాకిట్లో ఆటో ఆగింది. మహేంద్ర వాళ్ళ మామ్మ నాగరత్నాన్ని చెయ్యి పట్టి దించాడు.

ఆమె ఏడవలేదు. విస్తరి చూసింది, కౌసల్యను చూసింది. కౌసల్య కాళ్ళ మీద పడబోతే ఆపింది.

"పేరు తెల్వక ఉత్తగనే పెట్టిన అమ్మా," అంది కౌసల్య. "పిలవకుంటే పెద్దలు ఎట్ల తింటరు?"

"నేను పిలుస్తా మామ్మా," అన్నాడు మహేంద్ర.

"నువ్వెవరో ఆయనకేం తెలుసురా? నిన్ను చూడనేలేదు."

పెళ్ళయిన నాటి నుంచీ ఆమె మొగుడి పేరు పలికి ఎరగదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెంచారు. ఇన్నేళ్ళూ ఆ భయంతోనే కాపాడుకుంటూ వచ్చింది. తడి మూత మీద అరచెయ్యి ఆనించింది.

"బాపిరాజు గారూ... రండి, అన్నం తినండి."

గంట ఒక్కసారి గట్టిగా మోగింది. ఈసారి అది మహేంద్రకూ వినపడింది. మళ్ళీ టీవీ ముందుకు చేరిన మల్లేష్‌కూ వినపడింది. తర్వాత వాన చప్పుడే మిగిలింది.

పోలీసులకు చెప్పాలి, మూత పగలాలి, కంపెనీ వాకిట్లో కూర్చుని పరారీ అన్న మాట కొట్టేయించాలి. నాగరత్నం ఒక్కొక్కటే తేల్చి చెప్పింది. మల్లేష్ తల ఎత్తకుండా గడ్డపార తెచ్చి గోడకు ఆనించాడు.

మహేంద్ర తన గొడుగు తెరిచి చంద్రిక మీద పట్టాడు. అప్పటికే ఆమె పూర్తిగా తడిసిపోయింది.

"ఇప్పుడా పట్టేది?" అంది ఆమె, ముఖం తుడుచుకుంటూ.

"బయటే పట్టమన్నావుగా."

నాగరత్నం ఇద్దరినీ చూసి చంద్రికను దగ్గరికి పిలిచింది.

"ఆయన్ని తీసి, సాగనంపాక మీ పెళ్ళి. ఒకటే మాట. వీణ్ణి పేరు పెట్టే పిలువమ్మా. రోజూ, గట్టిగా."