పరగడుపు గోలీ

"నన్ను ఎవరో చంపుతున్నరు మేడం," అన్నాడు నాగేశ్వర్ రావు, కుర్చీలో కూర్చోకముందే.

సూర్యాపేట బస్టాండు ఎదుట మేడ మీది గది అది. ప్రైవేట్ డిటెక్టివ్ ఉమారాణి ఆయన పాలిపోయిన గోళ్ల వంక చూసింది. ఆమె సహాయకుడు నగేష్ మంచినీళ్లు అందించాడు.

రావుకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నాడు. ఈ ఏడాది, 2009లో, కడుపులో రక్తం కారి, విరేచనం తారులా నల్లగా అయి, రెండుసార్లు దవాఖానలో పడ్డాడు.

"ఎవరి మీద అనుమానం?"

ఆయన తల దించుకున్నాడు. "వండిపెట్టేది నా భార్యే గద. మొదటిసారి అయినంక ఆమె చేతి అన్నం మానేసిన. ఒక్క మాట అనలే. ఉగాదినాడు కోదాడకు, పుట్టింటికి పోయింది."

"రెండోసారి రక్తం ఎప్పుడు పోయింది?"

"మొన్న మొన్ననే. పది రోజులైంది."

ఉమారాణి కలం ఆగింది. "మీరు వేసుకునే మందులేమిటి?"

"పగటి అన్నం తిన్నంక ఆస్పిరిన్. కడుపు పాడుగాకుండ పొద్దున పరగడుపున ఒక క్యాప్సూల్ గోలీ. అయిదింటికే మిల్లుకు పోత. ఆడ దేవదాసు గోలీల పట్టీలకెల్లి తీసి చేతుల పెడతడు. ముప్పై ఏండ్ల సంది మిల్లుల పనిచేస్తున్న మనిషి. నా తమ్ముని లెక్క."

"రేపు ఆ గోలీ మింగినట్టు చేసి జేబులో వేసుకోండి."

మరునాడు ఉమారాణి మిల్లంతా తిరిగింది. యంత్రం బెల్టు చుట్టూ ఇనుప జాలీ మెరుస్తోంది.

"కొత్తదా?"

"నిరుడు దేవదాసు కొడుకు యేసయ్య చెయ్యి బెల్టుల పడి పోయింది. ఆ తర్వాత పెట్టించిన," అన్నాడు రావు.

రావు జేబులో దాచి తెచ్చిన గోలీని ఆమె చెవి దగ్గర ఊపి, కాగితంలో చుట్టింది. "మీ భార్యను పిలిపించండి," అంది.

రెండు రోజుల తరువాత మిల్లు ఆఫీసు గదిలో అందరూ చేరారు. రావు భార్య స్వరాజ్యలక్ష్మి గుమ్మం దగ్గరే నిలబడింది.

ఉమారాణి పట్టీలోని గోలీని నగేష్ చెవి దగ్గర ఊపింది. "లోపల గింజలు గలగలమంటున్నయ్ మేడం." కాగితంలోనిది ఊపింది. "ఇదేంది, చప్పుడే లేదు!" ఆమె ఆ క్యాప్సూల్ విప్పింది. టేబుల్ మీద తవుడు రాలింది.

"ఎవరూ విషం పెట్టలేదు. ఆస్పిరిన్ గుండెను కాస్తుంది, కానీ కడుపు లోపలి పొరను కొరుకుతుంది. ఆ పొరకు ఈ గోలీయే కాపలా. మందు పారబోసి తవుడు నింపి ఆ కాపలా తీసేశారు. ఈ అమ్మ ఇంట్లో లేనప్పుడు కూడా రక్తం పోయిందంటే తప్పు అన్నంలో లేదు. ఈ గోలీ తీసి ఇచ్చే చెయ్యి ఒక్కటే."

రావు దేవదాసు వైపు తిరిగాడు. "కాదని చెప్పరా."

"జాలీ పెట్టు సేటూ అని మూడుసార్లు అడిగిన," అన్నాడు దేవదాసు. "సీజన్ అయినంక సూద్దాం అన్నవ్. పిల్లగాడే తాగి పడ్డడని పోలీసులకు చెప్పినవ్. వాడు తాగుడెరుగడు. కాపలా లేకుంటే ఎట్లుంటదో నీకు గూడ తెలవాలనుకున్న."

నగేష్ పోలీసులకు ఫోన్ చెయ్యడానికి బయటికి నడిచాడు.

రావు భార్య వైపు తిరిగాడు. "లక్ష్మీ, ఇంటికి పోదాం."

ఆమె వచ్చి, టేబుల్ మీది గోలీల పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇక మీ గోలీ మీరే తీసుకుని వేసుకోండి," అంది. "కోదాడ బస్సుకు టైమయింది."