తూకం తగ్గని షావుకారు

ఆ పొద్దున పాత ఇనుము షావుకారు చేతిలో ఉన్నవి ఇవీ: రోడ్డు పక్కన బాగా నడుస్తున్న కొట్టు, అరిగిపోయిన మోకాలు, ఎదురుచెప్పని భార్య, చెప్పిన మాట వినని కూతురు. వాటికి తోడు ఆకలి. ఆ ఆకలిని కూడా అతను ఆస్తి కిందే జమకట్టుకున్నాడు.

మోకాలికి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు ఒళ్ళు తగ్గించుకోమన్నాడు డాక్టరు. షావుకారుకి అదో లెక్కే కాదనిపించింది. నష్టం వస్తే ఖర్చు కొయ్యడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పగలు తిండి మానేశాడు. రాత్రి పిడికెడు అన్నంతో సరిపెట్టాడు. రోజూ బోణీ కాకముందే తుక్కు తూచే కాటా ఎక్కి నిలబడేవాడు. మొదట్లో ముల్లు దిగింది. తరవాత మొండికేసింది. పిడికెడులో సగం తీసేసినా అది కదల్లేదు.

లోపలికి సరుకు రాకుండా నిల్వ తగ్గకపోవడమా? ఇన్నేళ్ళ వ్యాపారంలో దానికి అతనికి తెలిసిన అర్థం ఒక్కటే. ఎవరో దొడ్డిదారిన తెచ్చి పడేస్తున్నారు. వండేది ఒక్క మనిషే గనక దొంగ కోసం వీధులు వెతకనక్కర్లేదు.

కాటా దిగి నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"నా అన్నంలో ఏం కలుపుతున్నావే?"

భార్య గిన్నె తోముతూ వెనక్కి తిరిగింది. "ఏం కలుపుతానండీ? మీరు తినేది పిచ్చుకకి కూడా చాలదు."

"నూనె కలుపుతున్నావు. లేకపోతే తూకం ఎందుకు దిగదు?"

"కడుపు మాడితే మీరు మనిషి కారు. ముందు ఇంత తినండి, తరవాత తిడుదురు గాని."

తినమన్న మాట నిప్పులో నెయ్యి పోసినట్టయింది. అతను చెయ్యి విసిరితే అలమారలో సీసాలన్నీ నేల మీద పడి భళ్ళున పగిలాయి. నూనె డబ్బాని కాలితో తన్నాడు. భార్య మణికట్టు పట్టుకుని మెలితిప్పి, "నన్ను చంపాలని చూస్తున్నావు కదూ!" అంటూ తోసేశాడు. ఆమె నుదురు తలుపు చెక్క అంచుకి కొట్టుకుంది. నెత్తురు కంటి మీదుగా జారి నూనెలో పడింది.

అయినా అతని కోపం దిగలేదు. మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

ఆ పిడికిలి గాలిలోనే ఆగిపోయింది. పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చిన కూతురు దాన్ని పట్టుకుంది. ఆమె జిమ్‌లో జనానికి బరువులెత్తడం నేర్పుతుంది. అందుకే అతను ఆమెని 'హమాలీ' అని ఎగతాళి చేసేవాడు.

"వదలవే!"

"విడిపించుకో నాన్నా, చూద్దాం."

అతను గుంజాడు. ఒకప్పుడు ఇనుప దూలాల్ని ఒక్కడే దొర్లించిన చెయ్యి అది. రెండోసారి గుంజేసరికి పగిలిన గాజు పక్కనే కూలబడ్డాడు.

కూతురు తల్లి నుదుటికి తువ్వాలు అదిమిపెట్టి అడిగింది. "కొట్లోకి సరుకు రావడం తగ్గితే నువ్వేం చేస్తావు?"

"సగం లైట్లు ఆర్పేస్తాను. కూలీల్ని మాన్పిస్తాను."

"నీ ఒళ్ళూ అదే చేసింది. తిండి రాకపోయేసరికి ఖర్చు తగ్గించుకుంది. కండని కరిగించుకుంది. ఇదివరకు యార్డంతా తిరిగేవాడివి. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా అరుస్తున్నావు. ఖర్చే లేకపోతే నిల్వెలా తరుగుతుంది? దొంగ ఎవరూ లేరు నాన్నా. సరిగ్గా తిను, కండకి పని చెప్పు. అప్పుడు కొట్టు పూర్తిగా తెరుచుకుంటుంది."

షావుకారు తలెత్తి భార్యని చూశాడు. "ఆకలి మీద... తెలీకుండా..."

"నేనూ ఎన్నోసార్లు పస్తులున్నాను" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "ఎవరి తలా పగలగొట్టలేదే!"

ఆమె ఆ పూటే చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

వండిపెట్టే మనిషి లేక షావుకారు తనే పొయ్యి వెలిగించాడు. కూతురు చెప్పినట్టు పొద్దున గుడ్లు, మధ్యాహ్నం కడుపునిండా అన్నం, కూరలు. సాయంత్రం జిమ్‌లో, మోకాలికి నొప్పి కలగకుండా, కుర్చీలో కూర్చునే చిన్న బరువులెత్తడం. "ఏం హమాలీ, అప్పుడే ఆయాసమా?" అని కూతురు అంటే నోరు మూసుకుని ఎత్తేవాడు. వారం వారం మరదలి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి రమ్మనకపోతే తిరిగొచ్చేవాడు.

ముల్లు కదిలింది. నత్తనడకే, కానీ కదిలింది. ఆపరేషన్‌కి డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ కబురు విని భార్య వచ్చింది. "మళ్ళీ చెయ్యి లేస్తే ఈ ఇంట్లో మీరొక్కరే" అని గుమ్మంలోనే చెప్పి మరీ లోపలికొచ్చింది.

కానీ అతను పై అరలో గిన్నె అందుకోబోతే చాలు, ఆమె తల చటుక్కున పక్కకి తిరిగేది. అలా తిరిగినప్పుడల్లా అతను చెయ్యి దించేసుకుని, గిన్నె లేకుండానే వెనక్కి వచ్చేసేవాడు. ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకునేవాడు.

ఆపరేషన్ అయింది. కర్ర అవసరం తీరింది. ఒకనాడు ఆమె కూర కలుపుతుంటే ఆమె తల మీదుగా చెయ్యి చాచి ఉప్పు డబ్బా తీశాడు. ఆమె తల తిప్పలేదు. "కాస్త నాకూ వెయ్యండి" అంది.

ఒళ్ళు తగ్గింది, మోకాలు బాగుపడింది, ఒంట్లో బలం వచ్చింది. వాటన్నిటినీ షావుకారు పెట్టిన ఖర్చుకి చెల్లు వేసుకున్నాడు. తిప్పని ఆ తలొక్కటే లాభం.