మూడో నెల నిండేదాకా

వజ్రమ్మ అత్వెల్లిలో తుమ్మితే దుండిగల్‌లో విమానాలు వెనక్కి తిరుగుతాయని ఊళ్లో చెప్పుకుంటారు. ఒకటి తిరగడం కళ్లారా చూశామనే వాళ్లూ ఉన్నారు. అట్లాంటి మనిషి నోట్లో 2012 ఎండాకాలం ఒక్క మాట దాగింది. కోడలు తృప్తి నీళ్లు పోసుకుందన్న మాట... అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ముందే అందరికీ చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని వజ్రమ్మ నమ్మకం. అందుకే మూడో నెల నిండేదాకా తన కొడుకు మల్లేశానికి తప్ప ఎవరికీ చెప్పనని ఈసారి కోడలి చేత ఒట్టు వేయించింది.

ఒక పొద్దున తృప్తి తాడు విప్పబోతే బర్రె కుమ్మింది. ఎడమ డొక్క పట్టుకుని కుప్పకూలిన తృప్తిని మేడ్చల్ దవాఖానకు తెచ్చారు. లోపల నెత్తురు కారుతున్నదేమో సీటీ స్కాన్ తీస్తే గాని తెలియదన్నాడు డాక్టర్. స్కాన్ గది తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నది తమ వాడకట్టు వెంకటనర్సయ్యే. అతనికి తెలిస్తే పొద్దుగూకే లోపు ఊరంతా తెలుస్తుంది.

“వదినా, కోడలు కడుపుతోని ఉన్నదా? ఉంటే చెప్పాలె.”

“లేదు నర్సయ్యా. జల్దీ తియ్యి.”

తృప్తి నోరు తెరిచింది. అత్త చెయ్యి ఆమె చేతిని నొక్కింది. ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకుంది...

ప్లీహం కొంచెం చిట్లిందనీ, కోత అక్కర్లేదనీ, కదలకుండా పడుకుంటే మానుతుందనీ స్కాన్‌లో తేలింది. ప్రాణం దక్కిందనుకుని కొన్నాళ్లకు ఇల్లు చేరారు. పలకరించడానికి వచ్చిన జయమ్మ మాటల మధ్యలో, స్కాన్ కిరణాలు తగిలి ఎవరికో కళ్లు లేని పిల్ల పుట్టిందని చెప్పింది. ఎవరికి, ఎక్కడ అని ఎవరూ అడగలేదు. సాయంత్రం వజ్రమ్మ మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చింది.

“మింగు బిడ్డా. అట్ల పుడితే మనం చూడలేం.”

“అత్తమ్మా, డాక్టర్‌ను ఒక్క మాట అడుగుదాం.”

“లేదని నేనే చెప్పొస్తి. ఇగ ఏం మొకం పెట్టుకోని అడగాలె?”

అరచేతిలో మాత్రలు చెమటకు తడిసేదాకా తృప్తి అట్లాగే కూర్చుంది. కళ్లు లేని ముఖం ఒకటి కళ్ల ముందు కదిలింది... మింగింది.

నెత్తురు ఆగలేదు. డొక్కలో నొప్పీ తిరగబెట్టింది. మల్లేశం మళ్లీ మేడ్చల్‌కు తెచ్చాడు. అంతా విన్న డాక్టర్, ముందే చెప్పి ఉంటే మొదట కిరణాలు లేని స్కాన్‌తో చూసేవాళ్లమనీ, తల్లి ప్రాణానికి తప్పదంటే అప్పుడూ సీటీ తీసేవాళ్లమనీ అన్నాడు. ఒక్క స్కాన్‌తో బిడ్డకు కలిగే ముప్పు చాలా తక్కువనీ, దానికోసం కడుపు తీసేసుకోవాల్సిన పనే లేదనీ మెల్లగా చెప్పాడు. తృప్తి ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ప్లీహం మళ్లీ చిట్లిందేమో చూడాలన్నారు. అదే తలుపు. వెంకటనర్సయ్య అదే ప్రశ్న అడిగాడు.

వజ్రమ్మ ఏదో అంది. విమానాలను తిప్పిన ఆ గొంతు పక్కవాళ్లకు కూడా వినపడలేదు. అతను మళ్లీ అడిగాడు.

“ఉండె, నర్సయ్యా. గప్పుడు లేదంటి... ఇప్పుడు లేదు.”

వెంకటనర్సయ్య తల దించుకుని తలుపు తీశాడు. లోపలికి వెళ్లబోతూ తృప్తి ఇటు తిరిగి అత్త చేతిని వెతుక్కుంది. ఈసారి నొక్కింది తృప్తే.