ఉప్పేసిన కూడు

దీపం ముందల కూసొని చెప్తున్న. ఇండ్ల ఒక్క ముక్క అబద్ధమైనా ఈ దీపం ఇప్పుడే ఆరిపోవాలె... ఆరలేదు, చూసినవు గద.

మామిడిపల్లికి ఇవతల పాత అంగూరు తోట. తోటల బాయి, బాయి పక్కన రాళ్ళతో కట్టిన కొట్టం. పొద్దుగూకినంక అటు దిక్కు తిరిగి కుక్కలు సుత మొరగవు. అండ్ల గబ్బిలాలు ఒక్కొక్కటి మేకపిల్లంత.

రజాకార్ల కాలంల, మిలిట్రీ దిగిన ఆ రోజుల్ల, ఎవరో ఒక ముసలాయన పానం దక్కించుకుందామని ఆ కొట్టంల దాక్కున్నడంట. బయట కత్తులు... లోపల ఆకలి. కత్తులు ముట్టలేదు, ఆకలే చంపింది. చచ్చి ఆ కొట్టంలనే దెయ్యమైండంట. ఆయన ఏ దిక్కు మనిషో, ఏ మతమో ఎవరికీ తెలవదు. ఆ దెయ్యం మీదంటే మీదని ఊరు రెండు ముక్కలైంది.

ఇగ తొంభైల చలికాలం. పట్నంల లొల్లి, కర్ఫ్యూ. రెండు దిక్కులా కత్తులు లేచినయి. ఆరాంఘర్ కాడ ఆపి పేరడిగితే, పేరు చెప్పనీకే మనిషికి నాలుక ఎండిపోయేది. మైలార్‌దేవ్‌పల్లిల లారీ నడిపే జహంగీర్ బండి మీద దూరం పోయిండు. ఆయన పెండ్లాం సలేహా చంటిబిడ్డ నబీలాను చంకనేసుకొని ఇల్లు వదిలింది. ఎటు పోయిందో ఎవరికీ తెలవదు.

తోటకు నీళ్ళు పెట్టే సత్తయ్యకు జహంగీర్ చిన్ననాటి దోస్తు. సలేహా ఏమైందోనని సత్తయ్య తిండి తినలేదు, గడ్డం గీసుకోలేదు. గట్ల పరేషాన్‌ల ఉండంగనే ఒకనాడు దీపాలు పెట్టే యాళ్లకు జీపు వచ్చి ఆగింది. ఆరుగురు దిగిన్రు. చేతుల తల్వార్లు.

పట్నం నుండి పారిపోయినోళ్ళు ఇక్కడ దాక్కున్నరని వాళ్ళకు ఎవరో చెప్పిన్రు. దెయ్యం సంగతి కూడా చెప్పినట్టున్నరు — తల్వార్లు ముందుకు చూస్తున్నయి గని కాళ్ళు గడప దాటలే. సత్తయ్య గల్ల పట్టి లోపలికి నూకిన్రు. చూసి రమ్మన్నరు. అబద్ధమాడితే బాయిల ఏస్తమన్నరు.

లోపల చీకటి. పిండితే కారేటంత చీకటి. సత్తయ్య గుండె చప్పుడు శంషాబాద్ సంతల దాకా వినపడ్డది.

కాలికి ఏదో తగిలింది... మెత్తగ.

అగ్గిపుల్ల గీసిండు. విస్తరాకు. దాని మీద పసుపు కుంకుమ కలిపిన అన్నం ముద్ద, కోసిన నిమ్మకాయ. దెయ్యం కూడు. రోజూ పెడుతున్నది సత్తయ్య పెండ్లాం దుర్గవ్వనే. లొల్లి రోజుల్ల దెయ్యం ఆకలి మీదున్నది, అటు ఎవరూ పోవద్దని ఊరంత చాటింపు వేసినట్టు చెప్పింది కూడా ఆమెనే.

గని ముద్ద అంచుకు నూనె మెరుస్తున్నది. ఏలితో తీసి నాలుకకు రాసుకున్నడు.

ఉప్పు.

దెయ్యానికి ఉప్పెవరు పెడతరు? ఉప్పు తగిలితే దెయ్యం ఆ జాగనే వదిలిపెట్టి పోతది. మీదికెళ్ళి మాడిన ఎల్లిపాయ వాసన — తన ఇంటి మామిడికాయ తొక్కే.

మూలన చంటిపిల్ల గొంతు... కూ అని లేచి, సగంలనే ఆగిపోయింది. ఎవరో నోరు మూసినట్టు.

అగ్గిపుల్ల ఆరింది.

సత్తయ్య బయటికొచ్చి, ఎవరూ లేరన్నడు. లీడరు గడప కాడికెళ్ళి టార్చి కొట్టిండు. ఎలుగు పోయి ఆకు మీదనే పడ్డది.

"ఆ కూడు ఎవరికి?"

"దెయ్యానికన్నా."

"తీస్కరా."

తెచ్చిండు. వాళ్ళల్ల తెల్లమీసాలాయన ముందుకు వంగిండు. "దెయ్యం కూట్ల ఉప్పుండదు. చూద్దాం," అని ఏలు సాపిండు.

ఏలు ముద్దకు ఇంత దూరంల ఉన్నది... ఇంత...

సత్తయ్య ముద్దంత ఎత్తి నోట్లె కుక్కుకున్నడు.

ఆరుగురూ కొయ్యబారిన్రు. దెయ్యం కూడు తిన్నోని ఒంట్లకు దెయ్యం దిగుతది, గది పసిపిల్లలకు సుత ఎరుకే. సత్తయ్య మూతి నుండి ఎర్రగ కుంకుమ కారుతున్నది. బుగ్గలు కుండల్లెక్క ఉబ్బినయి. తొక్కు కారానికి కండ్లు నిప్పులైనయి. గొంతుల అన్నం ఇరికి గుర్... గుర్... అని ఒక చప్పుడు. అట్లనే ఒక అడుగు వాళ్ళ దిక్కు ఏసిండు.

వాళ్ళు ఉరికితే లేచిన దుమ్ము మూడు ఊర్ల మీద పడ్డది. జీపు కంటె ముందు మనుషులే రోడ్డెక్కిన్రు. టార్చి అక్కడనే పడిపోయింది.

సత్తయ్య ఆ టార్చి పట్టుకొని లోపలికి ఉరికిండు. మూలన గడ్డి కింద సలేహా, ఒడిల నబీలా.

"అన్నా... నీ ఎంట వచ్చిన పెద్దాయన ఏడి?"

"నా ఎంట ఎవరూ రాలేదమ్మా."

"వచ్చిండు. బిడ్డ ఏడ్వబోతే నోటి మీద చెయ్యి పెట్టింది ఆయననే. చెయ్యి... మంచులెక్క ఉండె."

సత్తయ్య మూతి తుడుసుకున్నడు. "ఏమన్నడు? తెలుగుల అన్నడా, ఉర్దూల అన్నడా?"

"ఏమనలే. ఆకు దిక్కే చూసుకుంట కూసున్నడు."

టార్చి మూలకు తిప్పిండు. ఉత్త గోడ. గడప అవతల పడ్డ ఆకు మీద ఒక్క మెతుకు లేదు... అంత తానే తిన్నడాయె.

జహంగీర్ వచ్చి పెండ్లాం బిడ్డను కండ్లకద్దుకొని తీసుకపోయిండు. గని ఆనాటి నుండి దుర్గవ్వ అమాసకమాసకు ఆ కొట్టంల ముద్ద పెడుతనే ఉన్నది. దెయ్యానికి ఉప్పేందని అడిగితే, దాక్కున్నోనికి చప్పటి కూడు ఎట్ల పెడతనంటది.

ఇయ్యాల అమాస. దుర్గవ్వేమో మోకాళ్ళు పట్టుకొని పండుకున్నది, నాకేమో పొయ్యి మీద పాలున్నయి. ఇంతసేపు విన్నవు గద, లే బిడ్డా. ఈ ఆకు పట్టుకపోయి కొట్టంల పెట్టి రా. ఉప్పేసిన, తొక్కేసిన. చేతికి సల్లగ ఏమన్న తగిలితే కేకేసి ఒర్లకు... జర పక్కకు జరుగు. ఆయన తింటడు.