తెరకు అవతల నాలుగు నిమిషాలు

నలభై రెండు రోజులుగా జ్ఞానాంబ తన భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు.

అన్నం వండేది. కంచం తెచ్చి వసారాలో పెట్టేది. వెనక్కి తిరిగి కుట్టుమిషను ముందు కూర్చునేది. దామోదరం తిన్నాడో లేదో చూసేది కాదు. ఆ చేతులు ఒక ఆడమనిషి ప్రాణం తీసిన చేతులు... ఇరవై ఏడేళ్లు తన పక్కన నిద్రపోయిన మనిషి, స్టీరింగు ముందు నిద్రపోయి ఒక ఇంటిని చీకటి చేసి వచ్చిన మనిషి!

జూన్ నెలలో ఒక పొద్దున జరిగింది అది. వాళ్ళకు చిత్తూరులో ఒక కారవాన్ ఉంది. లోపల రెండు మంచాలు, చిన్న స్టవ్వు, బాత్‌రూము అమర్చిన పెద్ద వ్యాను. తిరుపతి యాత్రకు వచ్చే కుటుంబాలకు బాడుగకు ఇస్తారు. బెంగుళూరులో ఒక కుటుంబాన్ని దింపి ఖాళీగా తిరిగి వస్తుంటే, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మొదటి షిఫ్టుకు పోతున్న రూతు అనే ఆమె మోపెడ్‌ను వెనక నుంచి గుద్దింది బండి. రూతు అక్కడే పోయింది.

"నేనే తోల్తా ఉంటిని సార్. కన్ను మూతపడింది," అన్నాడు దామోదరం, పోలీసులు అడక్కముందే. కొడుకు బాలచంద్ర వెనక మంచం మీద నిద్రపోతున్నాడట. ఒప్పుకున్న మనిషిని ఇంక తరచి అడిగేదేముంది? బెయిలు మీద ఇంటికి వచ్చాడు. సోమవారం కోర్టు. ఒప్పుకుంటే జైలు తప్పదని వకీలు చెప్పినా, ఒప్పుకుంటాననే అన్నాడు.

బాలచంద్రకు కానిస్టేబులుగా ఎంపికైనట్టు ప్రమాదానికి ముందే కబురు వచ్చింది. బుధవారం ట్రైనింగుకు పోవాలి.

మధ్యలో ఒకరోజు రూతు కూతురు గ్రేసీ వాళ్ళ గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. పదిహేడేళ్ళ పిల్ల. తిడుతుందనుకుంది జ్ఞానాంబ. దుమ్మెత్తి పోస్తుందనుకుంది. ఆ పిల్ల దామోదరాన్ని చూసి ఒకే ఒక మాట అడిగింది.

"మా అమ్మ ఎంతసేపు ఉన్నింది?"

దామోదరం తల వంచుకున్నాడు. "అప్పుడే పొయ్యింది పాపా. ఆయమ్మకు ఏమీ తెలీదు."

గ్రేసీ "అంతేనా... సరే," అని వెళ్ళిపోయింది. ఆ 'సరే' జ్ఞానాంబ చెవుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

*

శనివారం ఉదయం స్టేషను నుంచి కారవాన్ ఇంటికి వచ్చింది. ముందు బంపరు సొట్టపోయి, ఒళ్ళంతా దుమ్ము. బాలచంద్ర దాన్ని ఇంటి పక్కన నిలిపి తాళాలు మేకుకు తగిలించి లోపలికి పోయాడు. తల్లి ముఖం చూడలేదు. ఈమధ్య వాడు ఎవరి ముఖమూ చూడటం లేదు.

జ్ఞానాంబ బండి ఎక్కింది. ముందు అద్దానికి వేసే తెరలు ఆమె తన చేత్తో కుట్టినవి. బూడిదరంగు మందపాటి గుడ్డ, మడతలు మడతలుగా. అటు నుంచొకటి, ఇటు నుంచొకటి లాగితే మధ్యలో అయస్కాంతం పట్టీలు టక్కుమని అతుక్కుంటాయి. బండి ఆగిన చోట ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవాలంటే ఆ తెరే దిక్కు. వాటిని ఉతకాలని పైపట్టీ ఊడదీస్తుంటే, అద్దం పైమూలన వేలికి ఏదో గట్టిగా తగిలింది.

కెమెరా.

దాన్ని తనే పెట్టించింది. సరిగ్గా ఆ ప్రయాణానికి ముందురోజు, దామోదరం టైర్ల షాపుకు పోయిన గంటలో. హైవేలో ఎవరు ఎవరిని గుద్దినా పెద్దబండి వాడిదే తప్పంటారు, మొగుడి మీద అన్యాయంగా నేరం పడకూడదని ఆమె ఆరాటం. అతనికి చెబితే ఒప్పుకోడు. ఇదివరకు ఒక కెమెరా పెడితే ఆడ ప్యాసింజర్లు దాని మీద తువ్వాలు కప్పి, దిగేటప్పుడు నాలుగు మాటలని పోయారు. అందుకే బస్టాండు వెనక కార్లకు సీటుకవర్లు, కెమెరాలు బిగించే తమ్ముడి వరస గిరిని పిలిపించింది.

గిరి దాన్ని అద్దం మధ్యలో వేలాడదీయబోయాడు. తెర లాగి చూస్తే కెమెరాకు తట్టుకుని ఆగింది. మధ్యలో బెత్తెడు సందు.

"ఇంతే కదక్కా, ఉండనీలే. ఎవురు తొంగి చూస్తారు?" అన్నాడు గిరి.

"నీ పెండ్లామైతే ఆ సందులో గుడ్డ మార్చుకుంటాదా? తీసెయ్ అబ్బా. తెరకూ అద్దానికీ మధ్యలో మూడు వేళ్ళ చోటుండాది, ఆడ అతికించు. నా తెర నిండుగా మూసుకోవల్ల. గాలి గూడా దూరగూడదు."

"నీతో పడే మీ ఆయనకు దండం పెట్టల్ల," అని నవ్వుతూ గిరి అలాగే బిగించాడు. తీగను రబ్బరు పట్టీలోకి దూర్చాడు. మిగిలిన గుడ్డతో ఆమె దానికి చిన్న టోపీ కుట్టి తొడిగింది. లోపలి నుంచి చూస్తే అది తెరలో ఒక మడతలాగే ఉంది.

ప్రమాదం తర్వాత ఆ కెమెరా ఆమెకు గుర్తు రాకపోలేదు. కానీ తప్పు ఒప్పుకున్న మనిషికి సాక్ష్యమెందుకు? ఆ దృశ్యాన్ని చూసే ధైర్యం తనకెక్కడిది?

ఇప్పుడు మాత్రం ఆ టోపీ కింద ఉన్నది ఆమెను పిలిచినట్టుంది. కెమెరాను పీకి కొంగున చుట్టుకుని ఆటో ఎక్కింది.

*

"గుద్దుకున్నప్పుడు ఆ ముక్క చెరిగిపోకుండా దానికదే దాచిపెట్టుకుంటాదక్కా," అన్నాడు గిరి, కార్డును కంప్యూటరులో పెడుతూ. "చూడగలవా? ఇంకోసారి ఆలోచించు."

"పెట్టు."

కంప్యూటరు తెర మీద రోడ్డు. రెండు వైపులా మామిడి తోటలు. కాయలు నింపిన ట్రాక్టర్లు వరుసగా పోతున్నాయి. మూలన గడియారం ఆరూ నలభై. ఆ బొమ్మలోంచి, పక్కనే కూర్చున్నంత దగ్గరగా, దామోదరం గొంతు వినిపించింది.

"నిదానంగా పోరా బాలా. ట్రాక్టర్లు ఉండాయి."

"నేను చూసుకుంటాలే నాయనా. నువ్వు కండ్లు మూసుకో."

జ్ఞానాంబ కుర్చీ అంచు పట్టుకుంది.

తోలింది కొడుకు! ఆయన కాదు... ఆయన కాదు! నలభై రెండు రోజులుగా తను వసారాలో పడేసిన ప్రతి కంచమూ ఆమె కళ్ళ ముందు తిరిగింది. ఉద్యోగం పోతుందని కొడుకు తప్పును నెత్తిన వేసుకున్నాడే... తన ముఖంలోకి చూడలేక, చెప్పుకోలేక, కుక్కలా వసారాలో తిన్నాడే! వెంటనే ఇంటికి పరుగెత్తి ఆ కాళ్ళ మీద పడాలనిపించింది ఆమెకు.

అప్పుడు మోపెడ్ కనిపించింది. ట్రాక్టరును దాటి బండి ఎడమకు తిరిగింది. దెబ్బ. బ్రేకుల కీచు. బండి ఆగింది. పది గజాల ముందు, రోడ్డు పక్క మట్టిలో, నీలం చీర.

"తెర ఎయ్యి," అన్నాడు దామోదరం బొమ్మలో. "ముందు తెర ఎయ్యిరా. ఎవురన్నా చూస్తారు."

సర్రుమని గుడ్డ జరిగిన చప్పుడు. టక్కుమని అయస్కాంతాలు అతుక్కున్న చప్పుడు. కానీ బొమ్మ మారలేదు. కెమెరా తెరకు అవతల ఉంది. అది రోడ్డునే చూస్తోంది.

నీలం చీర కదిలింది. ఒక చెయ్యి పైకి లేచింది.

"పొయ్యిందా నాయనా?" బాలచంద్ర ఏడుపు.

"పొయ్యింటాది. నువ్వు సూడొద్దు. లెయ్, ఎనక మంచం మీద పండుకో. ఏం చెప్తావు? చెప్పు."

"నిద్రపోతా ఉంటిని..."

"ఏడస్తా చెప్తే నమ్ముతారా? మళ్ళీ చెప్పు."

చెయ్యి కిందికి వాలింది. కాసేపటికి మళ్ళీ లేచింది. బండి వైపే. బండిలో మనుషులున్నారని ఆమెకు తెలుసు. లోపల దామోదరం కొడుకుకు చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టే చెప్పిస్తున్నాడు. మళ్ళీ చెప్పు. మళ్ళీ. మూడోసారి చెయ్యి మోచేతి వరకే లేచింది.

దాటిపోయిన ట్రాక్టర్లేవీ ఆగలేదు; ఆరూ నలభై అయిదుకు ఒకటి ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తాడు. అప్పుడు తలుపు చప్పుడైంది, దామోదరం గుండెలు బాదుకుంటూ బొమ్మలోకి వచ్చాడు. అప్పటికి ఆ చెయ్యి మట్టిలో ఉంది.

గిరి కంప్యూటరు ఆపేశాడు. జ్ఞానాంబ తన ఫోను తీసి అతని ముందు పెట్టింది.

"దీన్ని నా ఫోనులోకి ఎక్కించు తమ్ముడూ."

*

"ఇద్దురూ వచ్చి బండిలో కూసోండి," అంది ఆమె, ఇంటికి రాగానే.

దామోదరం కంచం ముందు నుంచి తలెత్తాడు. "నాతోనేనా జ్ఞానా?" నలభై రెండు రోజుల తర్వాత విన్న ఆ గొంతుకు అతని ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది. ఆ వెలుగు చూడలేక ఆమె బండి వైపు తిరిగింది.

"ఎండలో బండిలో ఏం పని మా? ఇంట్లో చోటు లేదా?" అని విసుక్కుంటూ బాలచంద్ర వచ్చాడు.

ఆమె రెండు తెరలూ లాగింది. టక్. ఫోను మంచం మీద పెట్టి నొక్కింది.

తన గొంతు తను వినగానే బాలచంద్ర లేచాడు. "యాడిది ఇది? ఇంకెవురు చూసినారు? గిరి మామ చూసినాడా?"

కొడుకు నోట మొదట వచ్చిన మాట అది.

దామోదరం మాత్రం కదల్లేదు. అతని కళ్ళు నీలం చీర మీదే ఉన్నాయి. చెయ్యి లేచినప్పుడు అతని చెయ్యి కూడా తెలియకుండా కొంచెం లేచింది.

"ఇంకొకసారి పెట్టు," అన్నాడు.

రెండోసారి చూశాడు.

"బతికుండాదే... ఆ పాప నా ఎదురుగా నిలబడి అడిగితే, అప్పుడే పొయ్యిందంటినే. తెర ఎయ్యకుంటే చూసిందును గదా జ్ఞానా. చూస్తే దిగిందును. ఎట్లాంటోన్నైనా దిగిందును."

"సందు లేకుండా కుట్టింది నేను," అంది ఆమె. "బెత్తెడు సందుంటే తీసెయ్యమంటిని. గాలి గూడా దూరగూడదంటిని."

బాలచంద్ర ఫోను మీదికి చెయ్యి చాపాడు. "కార్డు ఇరగ్గొట్టెయ్ అమ్మా, నీ కాళ్ళకు మొక్కుతా. బుధవారం ట్రైనింగు. పొయ్యినామె ఎట్లా రాదు. నాయన ఒప్పుకునేసినాడు గదా..."

దామోదరం వాడి మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. జ్వరం చూసినట్టు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నీ తప్పు మోస్తా ఉండానని లోపల కొంచెం గర్వంగా ఉన్నిందిరా నాకు. ఇప్పుడు తెలిసింది. నువ్వు గుద్దినావు. చంపింది నేను. నీకు పాఠం చెప్పిస్తా కూసోని చంపినాను." అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "స్టేషనుకు పోదాం పద. ఇద్దురం."

"దానికి ముందు ఇంకో ఇంటికి పోవల్ల," అంది జ్ఞానాంబ.

బస్సులో ఆమె భర్త పక్కన కూర్చుంది. మొదటి స్టాపు దాటాక అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. క్షమించి కాదు... విడిచిపెట్టలేక. వెనక్కి తిరిగి చూస్తే, చివరి సీటులో తల కిటికీకి ఆనించుకుని బాలచంద్ర ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో.

*

గ్రేసీ వాళ్ళది ఒంటిగది ఇల్లు. తండ్రి ఎల్లప్ప తోట పనికి పోయాడు. పిల్ల బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వచ్చినవాళ్ళను చూసి లేచి నిలబడింది. మగవాళ్ళిద్దరూ వాకిట్లో ఎండలోనే ఆగిపోయారు. జ్ఞానాంబ ఒక్కతే గడప దాటింది.

"ఆ పొద్దు నువ్వు అడిగితే మేము అబద్ధం చెప్పినాం తల్లీ. మీ అమ్మ అప్పుడే పోలేదు."

అంతా చెప్పింది. తోలింది ఎవరో, తెర వేసింది ఎవరో, ఆ తెర కుట్టింది ఎవరో. ఏదీ మిగల్చలేదు. గ్రేసీ చేతిలోని చేట వంగింది. బియ్యం కాళ్ళ మీద రాలినా చూసుకోలేదు.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

"మా అమ్మ పక్కన ఎవురూ లేరా?"

"లేరమ్మా."

ఆ పిల్ల ఏడుస్తుందని చూసింది జ్ఞానాంబ. తిట్టినా, కొట్టినా పడటానికి సిద్ధంగా ఉంది. గ్రేసీ చెయ్యి చాపింది.

"చూపించు."

"వద్దు తల్లీ. స్టేషనులో ఇచ్చేస్తాం. నువ్వు చూడలేవు."

"అప్పుడు ఒక్కతే ఉన్నింది గదా. ఇప్పుడన్నా నేను పక్కన ఉంటా. చూపించు."

జ్ఞానాంబ ఫోను ఇచ్చింది. వెనక్కి తిరిగి బయటికి పోబోతుంటే ఆ పిల్ల తలెత్తకుండానే అంది.

"నువ్వు పోవద్దు. కూసో."

ఆమె నేల మీద కూర్చుంది. ఫోనులో గుడ్డ జరిగిన చప్పుడు, అయస్కాంతాల చప్పుడు, "మళ్ళీ చెప్పు" అనే గొంతు. వాకిట్లో ఆ గొంతు గల మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని పక్కన కొడుకు మట్టిలో కూలబడిపోయాడు.

చెయ్యి లేచింది. గ్రేసీ తన వేలిని మెల్లగా ఆ చేతి మీద పెట్టింది. అది వాలినప్పుడు వేలు వాలింది. మళ్ళీ లేచినప్పుడు మళ్ళీ లేచింది. నాలుగు నిమిషాలూ, అది మట్టిలో ఆగిపోయేదాకా, ఆ పిల్ల వేలు తియ్యలేదు.

తర్వాత ఫోను జ్ఞానాంబ ఒడిలో పెట్టి, రాలిన బియ్యం చేటలోకి ఎత్తి, తలుపు దగ్గరకు వేసి, చెప్పులు తొడుక్కుంది.

"పదండి," అంది. "నేనూ వస్తా స్టేషనుకు."

నలుగురూ నడిచారు. ముందు గ్రేసీ, ఆమె వెనక జ్ఞానాంబ, ఆ వెనక తండ్రీ కొడుకులు.